ఆకుల పేరు చెప్పి బీరు దారిన

కెనడాలో మూడు వేల కిలోమీటర్లు కారులో తిరిగి నలభై రకాల బీరు రుచి చూసి వచ్చానని తెనాలిలో మిత్రులకు ఫోనులో చెప్పాను. వాళ్ళు నమ్మారు. ఇప్పుడు అచ్చులో రాస్తున్నాను కనుక కాస్త కిందికి దిగుతాను. తిరిగింది వెయ్యి కిలోమీటర్ల లోపు. రుచి చూసినవి పదో పదకొండో. వాటిలో చాలా భాగం దగ్గు మందు మూతకు కొంచెం పెద్దవైన గ్లాసుల్లో ఇచ్చినవే.

అయినా వెళ్ళని వాళ్ళకు చెప్పదగ్గ సంగతులు కొన్ని ఉన్నాయి. చెబుతాను.

మార్కమ్: పథకం

మా అమ్మాయి సుధ, అల్లుడు టొరంటో పక్కనున్న మార్కమ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తారు. ఆ ఏడాది నేనూ మా ఆవిడా, అల్లుడి తల్లిదండ్రులూ ఒకే సమయంలో వాళ్ళింట్లో దిగాం. మా వియ్యంకుడు వెంకటరాజం గారు జగిత్యాల దగ్గర హైస్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఆయన మందు ముట్టరు. సాయంత్రం అయిదు దాటితే కాఫీ కూడా ముట్టరు. కానీ ఆయనకు ఇక్కడి డ్రైవింగ్ లైసెన్స్ ఉంది. రోడ్డు టెస్టు మొదటిసారే పాసయ్యారు. నేను మూడుసార్లు ఫెయిలయ్యానని అందరికీ చెబుతుంటాను. నిజానికి భయమేసి ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

ఇక్కడ ఊరికొకటి చొప్పున చిన్న బీరు కార్ఖానాలుంటాయి. వాటిని క్రాఫ్ట్ బ్రూవరీలంటారు. వెనక పెళ్ళి వంటల గంగాళాలను తలదన్నే స్టీలు తొట్లు, ముందు బెంచీలు. అక్కడ కాచినది అక్కడే పోస్తారు. అవన్నీ చూడాలని నా కోరిక. వెంకటరాజం గారికేమో అక్టోబరులో ఎర్రబడే మేపుల్ ఆకులు చూడాలని కోరిక. ఆయనకు కారు నడపడం వచ్చు, నాకు పథకం వేయడం వచ్చు. సోమవారం సెలవు కలిసొచ్చిన లాంగ్ వీకెండ్‌కు మూడు రోజుల ప్రయాణమని ఇంట్లో ప్రకటించాను.

ముందు మ్యాపులో బ్రూవరీ వెతికేవాణ్ణి. తర్వాత దానికి నడిచి వెళ్ళే దూరంలో ఎర్రాకుల చెట్టు ఏదైనా ఉందేమో చూసేవాణ్ణి. ఉంటే ఆ చెట్టు పేరు రాసుకునేవాణ్ణి. మా మనవరాలు ఇషా వెనక నుంచి తొంగి చూసింది.

"తాతా, దిస్ ఈజ్ జస్ట్ ఎ బీర్ మ్యాప్."

"కాదమ్మా, ఆకుల మ్యాపు."

"నో తాతా. ఇట్స్ బీర్."

ఐస్‌క్రీమ్‌తో ఆ సంభాషణ ముగించాను.

బయలుదేరేటప్పుడు మా ఆవిడ నన్ను పక్కకు పిలిచింది. "మగపెళ్ళివారి పెద్దమనిషి చేత కారు నడిపించుకుని తిరుగుతారా? ఎవరైనా వింటే ఏమనుకుంటారు?" అంది. ఆ మాట నిజమే. పెళ్ళిలో ఆయన కొడుకు కాళ్ళు కడిగిన వాణ్ణి, ఇప్పుడు ఆయన పక్క సీట్లో కూర్చుని కుడికి తిప్పండి, ఎడమకు తిప్పండి అని చెబుతున్నాను. ఈ సుఖం కోసమైనా ఆడపిల్ల తండ్రులందరూ ఒకసారి కెనడా రావాలి.

చర్చిలో నాలుగు గ్లాసులు

మొదటి మజిలీ టొరంటో దాటాక ఒక చిన్న ఊరు. అక్కడి బ్రూవరీ ఒకప్పటి చర్చి. రంగుటద్దాల కిటికీలు అలాగే ఉన్నాయి. ప్రసంగం చేసే చోట బీరు కుళాయిలు పెట్టారు. వెంకటరాజం గారు గుమ్మంలో ఆగి బూట్లు విప్పారు.

"విప్పక్కర్లేదు బావగారూ, ఇప్పుడిది బీరు షాపు," అన్నాను.

"ఎన్కట దేవునిల్లే గదా. ఆయన పోయిండని మీకెవరు చెప్పిన్రు?"

వియ్యంకుడు విప్పాక నేను వేసుకుని లోపలికి వెళ్తే బాగుండదు. నేనూ విప్పాను. ఇద్దరం సాక్సులతో కౌంటరు దాకా వెళ్ళాం. అక్కడి అమ్మాయి మా కాళ్ళు చూసి, నేల మీద గాజు పెంకులుండొచ్చు, దయచేసి బూట్లు వేసుకోండి అంది. మళ్ళీ వెనక్కు వెళ్ళి వేసుకొచ్చాం.

ఇక్కడ నాలుగు రకాలు కలిపి చెక్క పలక మీద నాలుగు బుల్లి గ్లాసుల్లో ఇస్తారు. పదిహేను డాలర్లు. మన లెక్కలో ఎంతో వియ్యంకుడు చెప్పబోయారు కానీ నేను చెవులు మూసుకున్నాను. ఒకటి నారింజ తొక్క వాసన, ఒకటి మాడిన కాఫీ, ఒకటి పచ్చగడ్డి. నాలుగోది మామూలు బీరు. అది బాగుంది.

పక్క బల్ల దగ్గర ఒక ముసలి జంట. ఆవిడ తన గ్లాసు సగం తాగి, "ఇది రుచి చూడండి, గుమ్మడికాయ బీరు" అని నాకు అందించింది. అప్పుడే పరిచయమైన మనిషికి తన ఎంగిలి గ్లాసు ఇవ్వడం ఇక్కడ ఆప్యాయత. కాదంటే తప్పు, పెదవి ఆనిస్తే మా అమ్మ ఎక్కడున్నా ఊరుకోదు. గ్లాసు పైకెత్తి, తల వెనక్కు వాల్చి, చెంబులో నీళ్ళు తాగినట్టు ధారగా పోసుకున్నాను. చర్చి మొత్తం చప్పట్లు కొట్టింది. చొక్కా మీద ఒక్క చుక్క పడలేదు.

పడింది. నీళ్ళకు నురుగుండదు, బీరుకు ఉంటుంది. సగం ముక్కులోకి, సగం కాలరులోకి వెళ్ళింది. చప్పట్లు కొట్టింది కూడా ఆ ముసలాయన ఒక్కడే. మిగిలిన ప్రయాణమంతా కారులో గుమ్మడికాయ వాసన. మన దగ్గర గుమ్మడికాయను దిష్టికి గుమ్మానికి వేలాడదీస్తాం. వీళ్ళు దానికి కళ్ళూ పళ్ళూ కోసి గుమ్మం ముందు కూర్చోబెడతారు. బీరులో వేసే తెగింపు మాత్రం మనకు రాలేదు.

పొలం దగ్గర పట్టుబడటం

మధ్యాహ్నం ఒక రైతు పొలంలోనే బ్రూవరీ. బీరుకు చేదు తెచ్చే హాప్స్ కాయలు అక్కడ తీగెలకు కాస్తాయి. కోత అయిపోయింది, మూలనున్న పందిరికి కొన్ని మిగిలాయి. నలిపి వాసన చూడమని రైతు ఒకటి ఇచ్చాడు. నేను నోట్లో వేసుకుని నమిలాను. కాకరకాయ దాని ముందు కలకండ.

నేను ఉమ్ముతుంటే వెంకటరాజం గారు చేతులు వెనక్కు కట్టుకుని నిలబడ్డారు. ఆలస్యంగా వచ్చిన కుర్రాళ్ళ ముందు అలాగే నిలబడి ఉంటారు.

"బావగారూ, ఒక సందేహం."

"చెప్పండి."

"ఆకులు చూడనీకి వచ్చినం గదా. ప్రతి చెట్టు కాడ ఒక బీరు దుకాణం ఎట్ల మొలుస్తున్నది?"

"ఈ దేశం నేల అలాంటిది."

"ఇషా నాకు నిన్ననే చెప్పింది. మీరు ఎప్పుడు చెప్తరా అని చూస్తున్న."

ఐస్‌క్రీమ్ దండగయింది. క్షమించమన్నాను. ఆయన నవ్వకుండానే కారు తలుపు తీశారు. "చెట్లయితే నిజమైనయే గదా. నడువుండ్రి."

సార్నియా

మర్నాడు సార్నియా చేరాం. ఒక పక్క అద్దంలాంటి నీలం నది, ఆవలి ఒడ్డు అమెరికా. ఇంకో పక్క రసాయన కర్మాగారాల గొట్టాలు. ఊళ్ళో బస్సులు తక్కువ. కానీ కాలేజీ ఉంది. మన పిల్లలు విమానాల నిండా వచ్చి దిగుతున్న ఏడాది అది.

కాఫీ షాపు కిటికీ దగ్గర కారాపి, నా ఇంగ్లీషులో పాలు, పంచదార సంగతి వివరిస్తున్నాను. స్పీకరులోంచి, "అంకుల్, తెలుగులో చెప్పండి, తొందరగా అయిపోద్ది" అని వినిపించింది. నరసరావుపేట అమ్మాయి. కాఫీ అందిస్తూ ఎటు వెళ్తున్నారని అడిగింది. బ్రూవరీ పేరు చెప్పాను.

"అక్కడ మా రూమ్మేట్ మౌనిక చేస్తది అంకుల్. తను సొంతంగా కాచిన బీరు, సన్‌సెట్ సోర్ అని, ఈ వీకెండే పెట్టారు. మండేకల్లా పీపా ఖాళీ అయితే తనకి ఫుల్ టైమ్ ఇస్తామన్నారు. లేకపోతే ఇక్కడి లండన్ ఊరి నుంచి ఎవరో ఎక్స్‌పీరియన్స్ ఉన్నాయన్ని తీసుకుంటారంట. ఫుల్ టైమ్ రాకపోతే తన పీఆర్, అదే ఇక్కడే ఉండిపోయే పర్మిట్ సంగతి, కష్టమే. వెళ్ళి తాగండి అంకుల్, పుణ్యముంటది."

బీరు తాగితే పుణ్యం రావడం నా జీవితంలో మొదటిసారి. ఆమె ఇంట్లో పన్నెండుమంది అమ్మాయిలు ఒకే కారు వాడుకుంటారని మా ఇంటికి ఫోను చేసి చెప్పాను. అసలు సంఖ్య అయిదు. అయిదైనా తక్కువేం కాదు.

బ్రూవరీ నది పక్కన పాత గోడౌనులో ఉంది. లోపల జనం బాగానే ఉన్నారు, కానీ ఎవరి చేతిలోనూ మౌనిక బీరు లేదు. గోడ మీద నల్లబల్లకు అడుగున "సన్‌సెట్ సోర్" అని చాక్‌పీస్‌తో రాసి ఉంది. సోర్ అంటే పుల్లటిదని తప్ప అంతకు మించి వివరం లేదు. రబ్బరు బూట్లు వేసుకుని, మోచేతుల దాకా చొక్కా మడిచిన సన్నటి పిల్ల మా దగ్గరికి వచ్చింది, మౌనికే. ఒక సన్‌సెట్ సోర్ అడిగాను. ఆమె ముఖం వెలిగింది.

గ్లాసు బల్ల మీద పెట్టగానే నేను అందుకునే లోపు వెంకటరాజం గారు వంగి వాసన చూశారు. కళ్ళు మూసుకున్నారు.

"బిడ్డా, ఇది కల్లు వాసన."

మౌనిక అటూ ఇటూ చూసింది. "మెల్లగ సార్."

"మీదే ఊరు?"

"హైదరాబాద్."

"హైదరాబాద్‌ల ఏడ?"

ఆమె నేల చూసింది. "ధర్మపురి కాడ సార్."

"నాది జగిత్యాల."

ఆ పిల్ల ముఖంలో రంగు పోయింది. బల్ల తుడుస్తున్నట్టు నటిస్తూ చెప్పుకొచ్చింది. వాళ్ళ తాత తాళ్ళెక్కి కల్లు గీసేవాడు. చిన్నప్పుడు ఆ కుండల వాసన తనకు బాగా జ్ఞాపకం. కల్లు ఇక్కడ దొరకదు కనుక గోధుమతో పుల్లటి బీరు కాచి, తాటిబెల్లం కలిపి, ఆరుసార్లు చెడగొట్టి ఏడోసారి ఆ రుచికి దగ్గరగా వచ్చింది. తండ్రి జూనియర్ కాలేజీ లెక్చరర్. ఆ వృత్తిలోంచి చదువుకుని బయటపడినవాడు. ఇంట్లో కల్లు మాట ఎత్తనివ్వడు. కూతురు ఫుడ్ ల్యాబ్‌లో పని చేస్తోందనుకుంటున్నాడు.

"అందుకే బోర్డు మీద ఏం రాయలే సార్. ఫొటోలు తీసి నెట్ల పెడ్తరు. మీరు మా ఊర్ల ఎవ్వలకన్న చెప్తరా?"

"నేను సార్ను బిడ్డా. సీఐడీని కాదు."

నేను ఒక గుక్క తాగాను. పులుపు, వెనకనే సన్నటి తీపి. బాగుంది. బాగున్న సరుకు అమ్ముడుపోకుండా కూర్చోవడం నేను చూడలేను. ముప్ఫై ఏళ్ళు బీమా పాలసీలు అమ్మిన వాణ్ణి. సరుకు అమ్ముడుపోవాలి, పిల్ల తాత మాట బయటికి రాకూడదు. రెంటికీ కలిపి ఒక అబద్ధం తయారు చేశాను.

పక్క బల్ల దగ్గర నలుగురు రిటైరైన ఫ్యాక్టరీ కార్మికులున్నారు. గ్లాసు పట్టుకుని వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చున్నాను. మా తాతగారు నవాబు గారి కొలువులో పానీయాలు రుచి చూసే ఉద్యోగి అని, ఈ వంటకం మా వంశ రహస్యమని, ఈ పిల్లకు నేనే ఇచ్చానని చెప్పాను. అక్కడితో ఆగవలసింది. ఒకాయన మోకాలు రుద్దుకోవడం కంటపడింది. రోజుకో గ్లాసు తాగితే మోకాళ్ళ నొప్పులు పోతాయని, మా ఊళ్ళో నూరేళ్ళవాళ్ళు మెట్లు పరుగెత్తి ఎక్కుతారని కూడా చెప్పాను.

నలుగురూ ఒక్కసారే చేతులెత్తారు. ఆ వెనక బల్లవాళ్ళూ ఎత్తారు. మౌనిక పోసి పోసి అలసిపోయింది. నేను వియ్యంకుడి వైపు గర్వంగా చూశాను. ఆయన నుదురు పట్టుకుని కూర్చున్నారు.

అప్పుడు యజమానురాలు డోనా వచ్చింది. దిట్టమైన మనిషి, నెరిసిన జుట్టు, భుజాన తడిగుడ్డ. మోకాళ్ళ సంగతి ఆమె దాకా చేరింది. నా బల్ల దగ్గర ఆగి, బీరును మందని చెప్పి అమ్మితే తన లైసెన్సుకే ముప్పు వస్తుందని మర్యాదగా చెప్పింది. తర్వాత మౌనిక వైపు తిరిగింది. ఆ గొంతులో మర్యాద తగ్గింది.

"ఈ రెసిపీ నీదేనని నాతో చెప్పావు. ఈయన తన కుటుంబానిదంటున్నాడు. ఏది నిజం?"

ఆ పిల్లకు ఉద్యోగం ఇప్పించబోయి దొంగను చేశాను. ఆమె నా వైపు చూసింది, డోనా వైపు చూసింది. నలుగురి మధ్య పెద్దవాణ్ణి పట్టుకుని ఈయన అబద్ధాలకోరు అనడానికి మన పిల్లలకు నోరు రాదు. అలా అనకపోతే ఉద్యోగం పోతుంది. నేను నోరు తెరిచాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో కూడా నాలుక చివర ఇంకో అబద్ధమే సిద్ధంగా ఉంది.

"బావగారూ," అన్నారు వెంకటరాజం గారు. "ఇగ సాలు."

లేచి నిలబడ్డాను. అందరికీ వినబడేలా చెప్పాను. నవాబు లేడు, వంశ రహస్యం లేదు, నేను తెనాలిలో బీమా ఏజెంటుని. మోకాళ్ళ నొప్పులకు నేనే రోజూ మాత్రలు వేసుకుంటాను. ఈ పిల్లను అరగంట కింద మొదటిసారి చూశాను.

మోకాలు రుద్దుకునే ఆయన, "అయితే నా డబ్బు?" అన్నాడు. పక్కవాడు, "ముందు నీ గ్లాసు ఖాళీ చేశావుగా, నోర్మూసుకో" అన్నాడు.

"మరి ఇది ఎవరిది?" అంది డోనా.

మౌనిక గుడ్డతో చేతులు చాలాసేపు తుడుచుకుంది. తర్వాత ఇంగ్లీషులో చెప్పింది. మా తాత తాటిచెట్లు ఎక్కేవాడు. నడుముకు మోకు, వెనక కుండ. ఆయన దింపినదాన్ని తలుచుకుంటూ నేను కాచాను. నేర్పింది ఎవరూ లేరు.

డోనా నల్లబల్ల దగ్గరికి వెళ్ళి సన్‌సెట్ సోర్ అన్న మాటలు తడిగుడ్డతో చెరిపేసింది. చాక్‌పీస్ మౌనిక చేతికిచ్చింది.

"ఆయన పేరేమిటి?"

ఆ పిల్ల చెయ్యి పైకెత్తి కొంతసేపు అలాగే ఉంచింది. ఆమె మెల్లగా ఇంగ్లీషు అక్షరాల్లో సత్తయ్య అని రాసింది. కింద చిన్నగా, తాటిచెట్లు ఎక్కే మా తాత పేరు మీద, అని రాసింది. డోనా ఫోను తీసి ఫొటో కొట్టి అప్పటికప్పుడే వాళ్ళ పేజీలో పెట్టింది.

"ఇగ రేపటికి ధర్మపురికి చేరుతది," అంది మౌనిక మాతో. "ఇంకొకలు చూపియ్యక ముందే నేనే నాయినకు పంపాలె."

విండ్సర్

విండ్సర్ గురించి చాలా రాయొచ్చు. కార్ల కర్మాగారాలు, నదికి అవతల డెట్రాయిట్ మేడలు. ఒడ్డున నిలబడి అమెరికాకు చెయ్యి ఊపాను, ఒక పోలీసు తిరిగి ఊపాడు. పోలీసు కాదు, చేపలు పట్టేవాడు. ఒక పంజాబీ హోటల్లో పరాఠాలు తిన్నాం, పెరుగు విడిగా ఇచ్చారు. చూడవలసిన బ్రూవరీలు ఆ ఊళ్ళో మూడున్నాయి. ఒకదానిలో కూర్చుని గ్లాసు సగంలో వదిలేశాను. వియ్యంకుడికి అనుమానమొచ్చి నా నుదురు తాకి చూశారు.

"జ్వరం లేదు," అన్నారు.

"ఆ పిల్ల పంపి ఉంటుందంటారా?"

"పంపుతది."

"వాళ్ళ నాన్న ఏమంటాడు?"

"బయటపడనీకి ఆయన ఎంత కష్టపడ్డడో మనకేం తెల్సు బావగారూ. కోపానికొస్తే ఆయన తప్పని కూడ అనలేం."

సోమవారం పొద్దున మార్కమ్ దారి పట్టాం. సార్నియా ఆ దారిలో తగలదు, ఎంతో చుట్టు తిరగాలి. ఎలా అడగాలా అని నేను మాటలు కూర్చుకుంటున్నాను. వెంకటరాజం గారు ఏమీ అనకుండానే సార్నియా బోర్డు చూసి కారు తిప్పారు.

"అటు ఆకులు బాగుంటయి," అన్నారు.

దారిలో పొగ గొట్టాలే తప్ప ఆకులు పెద్దగా లేవు. మూడు రోజుల్లో ఆయన ఆడిన అబద్ధం అదొక్కటే. చాలా పేలవంగా ఆడారు.

మళ్ళీ సార్నియా

మధ్యాహ్నానికి లోపలికి అడుగుపెట్టాం. నల్లబల్ల మీద సత్తయ్య పేరుకు అడ్డంగా గీత కొట్టి ఉంది. మౌనిక వెనక నుంచి వచ్చింది.

"కొట్టేశారేంటమ్మా?"

"అయిపోయింది అంకుల్. నిన్న రాత్రే పీపా ఖాళీ. మా తాత గురించి అడిగి అడిగి తాగిన్రు. డోనా ఫుల్ టైమ్ ఇచ్చింది."

ఇంత మంచి కబురు ఇంత చిన్న గొంతుతో చెప్పడం నేనెక్కడా వినలేదు. చేతిలో ఫోను గట్టిగా పట్టుకుని ఉంది. నిన్న మేం వెళ్ళగానే తండ్రికి ఫొటో పంపింది. ఆయన చూశాడు. ఇప్పటిదాకా జవాబు లేదు.

"నువ్వు ఫోన్ చేసినవా?" అని అడిగారు వెంకటరాజం గారు.

"ధైర్యం సాల్తలేదు సార్. మీరు జర ఇక్కడ నిలబడుతరా?"

నిలబడ్డాం. ధర్మపురిలో వాళ్ళకు రాత్రి భోజనాల వేళ. మౌనిక నంబరు నొక్కింది, అవతల మోగింది. స్పీకరు పెట్టింది.

"నాయినా."

"ఆఁ."

"ఫొటో చూసినవా?"

"చూసిన." వెనక టీవీ మోత వినబడుతోంది, ఎవరో ఆపారు. "గా బోర్డు మీద మా నాయిన పేరు ఎవలు రాసిన్రు?"

"నేనే రాసిన."

ఆ పిల్ల పెదవి కొరుక్కుంటోంది. ఫోను లాక్కుని ఏదైనా చెబుదామని నా చెయ్యి లేచింది. వెంకటరాజం గారు నా మణికట్టు పట్టుకుని కిందికి దింపారు, వదల్లేదు.

"బిడ్డా," అంది ఫోనులో గొంతు. "అది ఏ కల్లు లెక్కుంటది? తాడిదా, ఈతదా?"

మౌనిక కళ్ళెత్తింది. "తాడిదే నాయినా."

"పొద్దటిదా, మాపటిదా?"

"మాపటిది. పుల్లగుంటది."

"మాపటిది వాళ్ళు తాగిన్రా?"

"పీపా అయిపోయింది."

అవతల చిన్న శబ్దం. నవ్వో దగ్గో తెలియలేదు.

"మా నాయిన దింపిన మాపటి కల్లుకు పక్కూరోళ్ళు సైకిళ్ళేసుకొని వచ్చేటోళ్ళు," అన్నాడాయన. "నేను బడి నుంచి వచ్చి కుండలు కడిగేటోన్ని. నీకెప్పుడు చెప్పలే."

"చెప్పలే."

"అన్నం తిన్నవా?"

"ఇక్కడ ఇంక పగలే నాయినా."

"అయితే కూసో," అన్నాడు. "ఆ కుండలకు లోపల సున్నం ఎట్ల పూసేటోళ్ళో చెప్తా."

ఆమె తిరగేసిన ఖాళీ పీపా మీద కూర్చుంది. మేం చప్పుడు కాకుండా బయటికి వచ్చాం.